పద్నాలుగో బిళ్ళ

జూలై 5, శనివారం
నీళ్లు తొమ్మిది బిందెలు. బట్టలు రెండు బకెట్లు. రాగులు ఎండబోసి ఎత్తాను. మామకు రెండు పూటలా మాత్రలు. పదకొండుకు బడి — ఆరో తరగతి, ఇరవై రెండు మంది, టీచరమ్మ నాకిచ్చిన శనివారం చర్చ గంట.

పోయిన వారం చర్చలో ముందు వరుస నలుగురే అరిచారు. మిగతావాళ్లు గోడలు చూశారు. అందుకే ఈసారి, బంగారు గనిలో పనిచేసిన మామ చెప్పే పద్ధతి. గనిలోకి దిగేవాడు మేకు మీది ఇత్తడి బిళ్ళ తీసుకుపోతాడు, పైకొచ్చాక తగిలిస్తాడు. నావి నంబర్లు రాసిన అట్ట బిళ్ళలు. చెక్క మీద ఇరవై రెండు మేకులు. బిళ్ళ తీసుకో, ఒక్క మాటైనా చెప్పు — కన్నడమో తెలుగో — తగిలించు.

విషయం: వీధి కొళాయి దగ్గర ఎవరి బిందె ముందు?

"ముందొచ్చినోళ్లదే" అని ముందు వరుస. మంజు లేచాడు. "మా వీధిలో ఒక అవ్వ తెల్లారకముందే బిందె పెట్టేసి, పోయి పండుకుంటాది మిస్సు. వచ్చింది అవ్వా, బిందా?"
గదంతా నవ్వింది. నేనూ.

ఇరవై ఒకటి తిరిగొచ్చాయి. పద్నాలుగో నంబరు, భవానిది, రాలేదు. "పద్నాలుగు పైకి రాలేదు. వచ్చేదాకా ఎవరూ పోయేది లేదు" అన్నాను.
"చెప్పెయ్ భవానీ, బస్సు పోతాది…" అని మిగతా పిల్లలు.
భవాని తల ఎత్తలేదు. ఎనిమిది నిమిషాలు. కామసముద్రం పిల్లల బస్సు పోయింది. బిళ్ళ పిడికిట్లో పెట్టుకునే వెళ్లిపోయింది భవాని.

జూలై 7
టీచరమ్మ ఫోను. "ఇంగొక వారం చూస్తానమ్మా. మళ్లీ బస్సు తప్పితే ఈ గంట ఆపేస్తాము. ఆ పాప మాట్లాడేది కాదు, వదిలెయ్."

జూలై 8
ఇచ్చినవి 22. వచ్చినవి 21.

జూలై 9
మామకు చెప్పాను. గంజి తాగుతూ విన్నారు.
"మిగిలినోళ్లను నిలబెట్టి ఆ బిడ్డను తిట్టించినావా? మేమట్లా చేసిందే లేదు. బిళ్ళ రాలేదంటే ఆ మనిషి యాడో చిక్కుకోనుండాడని. దీపం పట్టుకొని మనమే దిగల్ల."
గ్లాసు కింద పెట్టి, "నువ్వు లెక్క రాసేది ఒకటే నేర్చుకున్నావమ్మా."
ఆ పూట చారులో ఉప్పు మరిచాను.

జూలై 12, శనివారం
నీళ్లు ఏడే బిందెలు, కొళాయి తొందరగా ఆగింది. దోసెలకు రుబ్బాను. మాత్రలు ఇచ్చాను. బడి.

పద్ధతి మార్చాను. అదే విషయం. ముందు ఇద్దరిద్దరు, చిన్న గొంతుతో. తర్వాతే అందరికీ. నేను కింద, భవాని పక్కన కూర్చున్నాను. పోయిన వారం అట్లా నిలదీయడం నా తప్పేనని చెప్పాను. చిన్నప్పుడు మా ఊరు ముళబాగిల్లో ఎవరిదో బిందె వెనక్కి జరిపి మాది ముందు పెట్టిన సంగతి కూడా.

భవాని నేల చూస్తూ —
"మంజు చెప్పింది మా అవ్వ గురించే మిస్సు. అవ్వకు మోకాళ్లు నొప్పి, నిలబడలేదు. నేను నిలబడితే బడి పోతాది. ఇంగ బిందే నిలబడల్ల."
"అందరికీ నేను చెప్పేదా?"
"వద్దు. మీరూ నవ్వినారు."

భవానే లేచింది. అవే మాటలు, కొంచెం గట్టిగా. ఎవరూ నవ్వలేదు. మంజు బెంచీ గీరుతూ, "మోకాళ్లని నాకు తెలీదు…" వెనక నుంచి ఇంకొకడు, "అట్లయితే అందరూ బిందెలు పెట్టేసి పోతారు, అప్పుడో?" మళ్లీ గోల — ఈసారి నలుగురిది కాదు. గంట కొట్టారు. బస్సు అందింది.

టీచరమ్మ వాకిట్లో నిలబడి వింది. వచ్చే శనివారం ఉందో లేదో చెప్పలేదు.

బిందెను మనిషి కింద లెక్కపెట్టాలా — తేలలేదు. నా నవ్వు — ఆ పద్దు అలాగే ఉంది.

పద్నాలుగో బిళ్ళ, చెమటకు అంచులు మెత్తబడి, మేకు మీద ఉంది. ఇచ్చినవి 22, వచ్చినవి 22. పోయిన వారం బాకీ చెల్లు.