రికార్డు చేయవద్దన్న పాట

ఫిబ్రవరి 10, మంగళవారం

తులసి పాట వినలేక నేను ముక్కు మూసుకుని లేచిపోయానని అమలాపురంలో చెప్పుకుంటున్నారట. ఇది అబద్ధం. ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకునే అలవాటు నాకు లేదు కనుక ఇక్కడ మాత్రమే రాసి పెడుతున్నాను.

మొన్న ఆదివారం కొత్తపేటలో హిమజ తీసిన సినిమా వేశారు. ఇరవై రెండు నిమిషాల సినిమా. చివర తులసి పాట వస్తుంది. చేపల గంపతో బస్సెక్కిన ఆడమనిషిని కండక్టరు నడిదారిలో దింపేయడం గురించిన పాట. అది మొదలైన నిమిషానికి నేను లేచి బయటకు వచ్చిన మాట వాస్తవం. తక్కినదంతా జనం అల్లుకున్నది. ఘనాపాఠి గారి కూతురు కదా, చేపల వాసన పాట ఎలా వింటుందని ఒకరన్నారట. ఎంత చదివినా పుట్టుక ఎక్కడికి పోతుందని ఇంకొకరట.

ఈ సంగతులన్నీ పక్కింటి ఉషారాణి పొద్దున్నే మోసుకొచ్చింది. మీ గురించి ఇలాగనుకుంటన్నారండీ పిన్నిగారూ, నేను మాత్రం నమ్మలేదండోయ్, అంది. నమ్మనిదానివి మూడిళ్ళకు వెళ్ళి ఎందుకు విన్నావే అన్నాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

ముప్ఫై మూడేళ్ళు కాలేజీలో జువాలజీ చెప్పాను. చేపలను కోసి చూపించిన చేతులివి. వాసన నాకు కొత్త కాదు.

జరిగింది ఇది. పాట మొదలవగానే వెనక వరసల్లో నవ్వులు లేచాయి. ఏమన్నారని నాతో వచ్చి పక్కన కూర్చున్న ఉషారాణిని అడిగాను. ఇది యూట్యూబ్‌లో పాటేనంటండీ, కాపీ కొట్టేసేరంటన్నారండీ, అని చెవిలో చెప్పింది. తెర పక్కన నిలబడి ఉన్న తులసి ముఖం నాకు కనిపించింది. తన పాటకు తానే దొంగగా నిలబడిన మనిషి ముఖం. కూర్చోలేకపోయాను.

ఫిబ్రవరి 11

నిన్న రాసినదాంట్లో అబద్ధం లేదు. సగం నిజం ఉంది.

ఫిబ్రవరి 13, శుక్రవారం

రిటైరైన తరువాత నాకు పట్టుకున్న పిచ్చి ఇది. పేరులేని గాయకులు, థియేటర్లకు రాని సినిమాలు. వీటి కోసం కాకినాడకూ, విశాఖకూ ఒక్కదాన్నే బస్సెక్కి వెళ్ళాను. చిన్న సినిమాల ఫెస్టివల్స్‌లో మూడు రోజులపాటు ఇనుప కుర్చీలో కూర్చున్నాను. పాట కొత్తగా పుట్టినప్పుడు దానికి ఇంకా చర్మం ఏర్పడదు. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో పాడేవారికే తెలియదు. ఆ దశలో వినడం నాకు ఇష్టం. తరువాత అందరూ వింటారు.

ఆరేళ్ళ క్రితం ఉప్పలగుప్తంలో, రొయ్యల మేత బస్తాలు పెట్టుకునే షెడ్డులో తులసి పాట మొదటిసారి విన్నాను. చెరువుల నీళ్ళలో ఉప్పు ఎంతుందో పరీక్షించే ల్యాబ్‌లో ఆమెకు ఉద్యోగం. ఆదివారాలు పాడేది. వాళ్ళమ్మ నిజంగానే గంపతో బస్సెక్కిన మనిషి. అప్పటినుంచీ తులసి ఎక్కడ పాడినా ముందు వరసలో ఎడమ కుర్చీ నాది. పాట అయ్యాక నా దగ్గరకే వచ్చేది. ఎలాగుందండీ మేడమ్ గారూ, అని అడిగి నా నోటి వంక చూసేది. ఆ చూపు కోసమే వెళ్ళేదాన్నేమో.

కొత్త పాట పాడే రోజున గుమ్మం దగ్గర అబ్బులు తాటాకు బుట్ట పట్టుకుని నిలబడేవాడు. అబ్బులు వాళ్ళ సౌండ్ మనిషి. వచ్చినవారందరూ ఫోన్లు ఆ బుట్టలో వేయాలి. పాట పూర్తిగా కుదిరేవరకూ ఎవరూ రికార్డు చేయకూడదని తులసి నియమం. నా దగ్గరకు వచ్చేసరికి మాత్రం బుట్ట వెనక్కి తీసేసేవాడు. మీ దగ్గర తీసుకుంటే మా కళ్ళు పోవాండీ, వెళ్ళి కూర్చోండి మేడమ్ గారూ, అనేవాడు. ఆ మర్యాద నాకు నచ్చేది. అది నా అర్హత అనుకున్నాను.

డిసెంబరు 14న తులసి ఈ గంప పాట మొదటిసారి పాడింది. అంతకు నెల ముందే కాకినాడలో ఆడియాలజిస్ట్ నా చెవుల గ్రాఫు తీసి చూపించాడు. ఎడమది దాదాపు అయిపోయింది, కుడిదానికి ఇంకో రెండేళ్ళు, మెషీన్ పెట్టుకోండి అన్నాడు. ఆ కాగితాన్ని మడిచి పుస్తకంలో పెట్టేశాను. ఎవరికీ చెప్పలేదు. మా ఇంట్లో చదువంతా చెవితోనే వచ్చింది. నాన్నగారు కాగితం చూడకుండా ఎనభై ఏళ్ళు వేదం వల్లించారు. అలాంటి ఇంట్లో పుట్టి చెవులు పోయాయని ఎలా చెప్పుకోను?

ఆ రోజు రాగం అందింది. మాటలు అందలేదు. చుట్టూ అందరూ కళ్ళు తుడుచుకుంటున్నారు. నేనూ తల ఊపాను. తులసి వచ్చి ఎలాగుందండీ అని అడిగింది. చాలా బాగుందమ్మా అన్నాను. ఏది బాగుందో నాకు తెలియదు. అందరూ ఇంకోసారి అని అడిగితే ఆమె మళ్ళీ అందుకుంది. ఒళ్ళో ఉన్న సంచిలో చేయి పెట్టి, ఫోన్‌లో రికార్డింగ్ నొక్కాను.

ఫిబ్రవరి 14

ఇంటికి వచ్చి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఏడుసార్లు విన్నాను. అయినా మాటలు విడిపడలేదు. హేమకు పంపాను. హేమ నా స్టూడెంట్, ఇప్పుడు విశాఖలో ఉంటోంది. మాటలు రాసి పంపమన్నాను. గంటలో పంపింది.

"గంప దించమన్నావు, దించేను. వాసన ఎక్కడ దించను?"

ఆరేళ్ళలో తులసి రాసిన అన్నిటికన్నా మంచి వాక్యం. నేను దానికి తల మాత్రం ఊపాను.

ఎవరికీ పంపవద్దని హేమకు చెప్పలేదు. చెబితే ఎందుకని అడుగుతుంది. అడిగితే నేను చేయకూడని పని చేశానని ఒప్పుకోవాలి. ఆ ఒక్క వాక్యం దగ్గర నా అహం అడ్డం నిలబడింది. హేమకూ నాలాంటి పిచ్చే. పాట నచ్చి తన స్నేహితుల గ్రూపులో పెట్టింది. వాళ్ళు ఇంకెవరికో ఫార్వర్డ్ చేశారు. జనవరి 20న ఎవరిదో ఛానెల్‌లో, ఎవరిదో గొంతుతో, బీట్ వేసి వదిలారు. తులసి పేరు లేదు. తొమ్మిది లక్షల మంది చూశారు. అప్పటికే ఆ పాటతో హిమజ సినిమా పూర్తయింది.

ఫిబ్రవరి 17, మంగళవారం

ఇది రాయకుండా ఇన్ని రోజులు తప్పించుకున్నాను.

జనవరి 25న హిమజ ఇంట్లో అందరూ కూర్చున్నారు. నన్నూ పిలిచారు, పెద్దదాన్ని కనుక. పాట బయటకు ఎలా వెళ్ళిందన్నది ప్రశ్న. ఫోన్లన్నీ బుట్టలో ఉన్నాయి, రికార్డు చేయగల మిషన్లు అబ్బులు దగ్గర మాత్రమే ఉన్నాయి. నేను కాదండీ, అని అబ్బులు మూడుసార్లు అన్నాడు. నాలుగోసారి అనలేదు. మీరేమంటారండీ మేడమ్ గారూ, అని హిమజ నన్ను అడిగింది.

విచారించి నిర్ణయించండి అన్నాను.

అదీ నేనన్న మాట. వాళ్ళు విచారించారు, నిర్ణయించారు. ఆరేళ్ళు బాక్సులు మోసిన మనిషిని ఇక రావద్దన్నారు.

ఇవాళ హిమజ ఫోన్ చేసింది. మార్చి ఒకటిన అమలాపురంలో మన చిన్న సినిమాల పండగ అండీ, మొదటి శ్రోత అని మీకు శాలువా కప్పుతాం, కాదనకండీ, అంది. సరే అన్నాను. ఎందుకన్నానో తెలియదు.

ఫిబ్రవరి 18

ఇవాళ ఏమీ వినలేదు. రేడియో కూడా పెట్టలేదు.

ఫిబ్రవరి 21, శనివారం

ఉదయం పదింటి బస్సుకు తాటిపాక వెళ్ళాను. అబ్బులు అక్కడ మైకుసెట్ల షాపులో పని చేస్తున్నాడని ఉషారాణి చెప్పింది. పెళ్ళిళ్ళకూ, మీటింగులకూ హారన్లు కట్టే పని. సన్నటి గొంతు కూడా చెడకుండా వినిపించగలిగిన మనిషి ఇప్పుడు హారన్లు కడుతున్నాడు.

నన్ను చూసి లేచి, తువ్వాలుతో స్టూలు తుడిచాడు. రండి మేడమ్ గారూ, ఎండన పడొచ్చేరు, కూర్చోండి, టీ చెప్పమంటారాండీ, అన్నాడు. కూర్చోలేదు. నిలబడే చెప్పాను. రికార్డు చేసింది నేను అని.

ఆయ్, తెల్సండి, అన్నాడు.

ఆ తరువాత అతను చెప్పినదంతా మరిచిపోకముందే రాస్తున్నాను. వాట్సాప్‌లో తిరుగుతున్న రికార్డింగ్ మొదటిసారి విన్నప్పుడే తెలిసిపోయిందట. గిటారు కుడివైపునుంచి దూరంగా వస్తందండి, ఫ్యాను దగ్గరగా ఇనపడతంది, ఆ గదిలో అలాగ ఇనపడేది మీ కుర్చీకొక్కదానికేనండి, అన్నాడు. ఫోను గుడ్డసంచిలో ఉందనీ తెలిసిందట. పైగా మీరు కుర్చీ చెయ్యి మీద ఏళ్ళతో తాళం ఏస్తారు కదండి, అది కూడా పడిందండి, అన్నాడు. ఈ మధ్య మీ తాళం ఎనకబడతందండి, అన్నాడు.

ఇనపడక చేసేరని తెల్సండి, కావాలని కాదు, ఏడాది బట్టీ మీ వైపు బాక్సు కొంచెం తిప్పి పెడతన్నానండి, అన్నాడు. ఎవరూ చెప్పలేదట, అడగలేదట. నేను మాట కోసం మెడ ముందుకు చాపడం చూసి తిప్పాడట. ముందు వరస కనుక బాగా వినిపిస్తోందని నేను అనుకున్నాను.

మరి ఆ రోజు ఎందుకు చెప్పలేదని అడిగాను. నేను మీ పేరు చెప్తే ఎవరు నమ్ముతారండి, ఇంకో నాలుగు తిట్లు తినడం తప్పితే, అన్నాడు. చేతిలోని వైరు కొస చాకుతో గీకుతూ, మీరే చెప్తారనుకున్నానండి, హిమజమ్మ మిమ్మల్ని అడిగినప్పుడు ఇప్పుడు చెప్పేత్తారు అనుకున్నాను, విచారించి నిర్ణయించండి అన్నారు మీరు, లెక్చరర్ గారి మాటండి అది, అన్నాడు. ఎగతాళి లేదు గొంతులో. ఉంటే బాగుండేది.

క్షమించమని అడగలేదు. అడిగితే వెంటనే ఇచ్చేసేవాడు. అది నాకు అంత సులభంగా దొరకకూడదు.

ఫిబ్రవరి 22, ఆదివారం

తులసికి ఫోన్ చేసి చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మాట్లాడిందేమో, నాకే వినిపించలేదేమో.

ఫిబ్రవరి 23, సోమవారం

సాయంత్రం ఐదింటికి తులసీ, హిమజా వచ్చారు. తులసి ల్యాబ్ నుంచి సరాసరి వచ్చినట్టుంది, చెప్పులకు చెరువు బురద ఉంది. కూర్చోమంటే కూర్చోలేదు. నా కుడి చెవి వైపుకు వచ్చి నిలబడింది. అబ్బులుతో మాట్లాడి వచ్చిందని అప్పుడు అర్థమైంది.

ఇనపడలేదని ఒక్క మాట చెప్పుంటే ఇంకోసారి పాడేదాన్ని కదండీ, అంది. మీ పక్కన కూర్చుని పదిసార్లు పాడేదాన్ని. మీరు బాగుందన్నారనే కదండీ ఆ పాట సినిమాకిచ్చేను. మీకు ఇనపడకుండానే బాగుందన్నారాండీ?

అవునన్నాను. దానికి ఏడ్చింది. పాట పోయినందుకు ఏడవని పిల్ల దానికి ఏడ్చింది.

హిమజ మధ్యలోకి వచ్చింది. అబ్బులుని మళ్ళీ పిలిచేసేమండి, ఆయ్, వస్తానన్నాడు, అంది. ఎవరో బయటివాడు చేసేడని చెప్పేద్దామండి, మీ పేరు ఎందుకండీ బయటికి, ఈ వయసులో మీకీ అవమానం ఏంటండి, ఒకటో తారీకున మామూలుగా వచ్చి శాలువా కప్పించుకోండి, మీ పేరు పోతే మా పండక్కీ పేరు పోద్దండి, అంది.

మళ్ళీ నా ముందునుంచి బుట్ట వెనక్కి తీస్తున్నారు. నా పేరు దాస్తే జనం ఏమనుకుంటారో నాకు తెలుసు. బయటివాడన్న కథ నమ్మరు, పాపం, దొంగైనా జాలిపడి మళ్ళీ చేర్చుకున్నారంటారు. అబ్బులు బతికినంత కాలం ఆ మాట వింటాడు. అతని చెవులు బాగానే పనిచేస్తాయి.

తులసి అవుననలేదు, కాదనలేదు. రేపటిదాకా ఆలోచించుకోండి మేడమ్ గారూ, అని మెట్లు దిగింది. వెనక్కి తిరిగి చూడలేదు.

ఫిబ్రవరి 24, ఉదయం 7 గంటలు

ఆలోచించుకోవడానికి ఏమీ లేదు. నిన్న వాళ్ళు మెట్లెక్కేసరికే ఉత్తరం రాసి ఉంది, నిఘంటువు కింద. చూపించలేదు. చూపిస్తే బతిమాలేవారు.

తెల్లవారుజామున ఐదింటికి దాన్ని తులసి పాటల శ్రోతల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. రెండు వందల పన్నెండు మంది. పూర్తి పేరు రాశాను: ముక్తేవి బాలసరస్వతి, ఎం.ఎస్సీ. పాట ఫోన్‌లో తీసింది నేను, అబ్బులు కాదు. వినిపించక తీశాను. అబ్బులు తాను కాదన్నది వినిపించినా చెప్పకుండా ఊరుకున్నాను. శాలువా వద్దు.

ఫోన్ బల్ల మీద వణుకుతూ అంచు దాకా జరిగింది. తీయలేదు.

ఇకమీదట ఏ కొత్త పాటకూ వెళ్ళను. తులసి పిలిస్తే వెళతాను. పిలవమని అడగను.