ఆలస్యంగా తన్నిన బంతి

మరోదా, జూన్ 12.
ఉక్కపోత, ఇంకా వాన లేదు. ఉదయం కూలర్‌లో గడ్డి మార్చాను.

రమాకాంత్‌కి,

నేను మాటలు తక్కువ మనిషినని నీకు తెలుసు. రాయపూర్ హాస్టల్‌లో ఉన్న మా సుప్రియతో ఆదివారాలు ఆన్‌లైన్‌లో ఫుట్‌బాల్ ఆడేటప్పుడే నాలుగు మాటలు మాట్లాడతాను. అందుకే చవకలో పెద్ద టీవీ చూసిపెట్టమని నిన్ను దుకాణానికి తీసుకెళ్లాను. తగ్గింపులో ఒక్కటే మిగిలిన టీవీ నాకు నచ్చింది. "అది గేములకి పనికిరాదు బావా" అని పక్కది ఇప్పించావు. బావమరిది మాట కదాని ఇంకెవరినీ అడగలేదు.

ఇందులో నేను బటన్ నొక్కిన కాసేపటికి గానీ బొమ్మ బంతిని తన్నదు. "ఏటి నాన్నా, ముసిలోడివైపోనావా?" అని సుప్రియ మొదట్లో నవ్వింది. తర్వాత జాలిపడి కావాలని ఓడిపోసాగింది. నా చేతులే మందగించాయనుకుని ఆట మానేశాను.

నిన్న కోహ్కాలో మీ ఇంటికి వస్తే, నువ్వు వద్దన్న ఆ టీవీయే మీ గోడకి ఉంది. నువ్వు దుప్పటి కప్పబోయేలోగా, "ఆడండి అన్నయ్యా" అని మీ ఆవిడ కుముదిని జాయ్‌స్టిక్ నా చేతిలో పెట్టింది. నొక్కగానే బంతి గోల్‌లో పడింది. నువ్వు వంటింట్లోకి వెళ్లిపోయావు.

నీకే కావాలని ఒక్క మాట అనుంటే వదిలేసేవాణ్ణి. టీవీ మార్చమని అడగను. వాళ్ల నాన్న చేతులు బాగానే ఉన్నాయని సుప్రియకి నువ్వే ఫోన్ చేసి చెప్పు. నేను చెబితే సాకనుకుంటుంది.

మీ అక్కకి ఈ సంగతి ఇంకా చెప్పలేదు. నీకోసం కొత్తావకాయ సీసాలోకి తీస్తూ, మూత పట్టుకోమని నన్ను పిలుస్తోంది.