అక్మరాల్ వంతు పదేళ్ళు

మార్చి 4, సోమవారం

ఇవాళ పనిలో చెప్పేశాను. సెప్టెంబరుకల్లా ఆల్మతీ వదిలేస్తున్నాను, వెళ్ళి మంగోలియాలో ఉంటాను అని. తోలెగెన్ చేతిలో స్పానర్ కింద పెట్టి మరీ నవ్వాడు. అక్కడి కజక్కులంతా సొంత దేశమని ఇక్కడికి వస్తుంటే నువ్వు ఇక్కణ్ణించి అక్కడికి పోతావేంట్రా, ఇల్లరికమా అన్నాడు. అత్తారి ఊళ్ళో కాపురముండే మగాణ్ణి మావాళ్ళు కుక్కపిల్ల అల్లుడంటారు. మధ్యాహ్నానికి నా లాకర్ మీద ఎవరో కుక్కపిల్ల బొమ్మ గీశారు. బొమ్మ బాగానే ఉంది. చెవులు మాత్రం అచ్చం నావే.

ఏం చేస్తాం, మాటంటే మాటే. పెళ్ళిలో అందరి ముందూ నేనే అన్నాను: పదేళ్ళు మా దేశంలో, ఆ తర్వాత పదేళ్ళు మీ దేశంలో. చప్పట్లు కొట్టినవాళ్ళంతా మర్చిపోయారు, నా భార్య అక్మరాల్ మర్చిపోలేదు. తనదీ మా జాతే, మా భాషే, పుట్టింది మాత్రం మంగోలియాలో, ఉల్గీలో. అక్కడ వాళ్ళ పిన్ని పళ్ళ డాక్టరు, అక్మరాల్‌దీ అదే పని. ఇక నావల్ల కాదు, వచ్చి నా కుర్చీ తీసుకో అందట. మా పెళ్ళయి ఇది పదకొండో ఏడు.

నేను లిఫ్టు మెకానిక్‌ని. ఉల్గీలో లిఫ్టులెన్ని ఉన్నాయని బావమరిదికి ఫోన్ చేసి అడిగాను. ఒకటుంది బావా, అదీ ఆగిపోయింది అన్నాడు. పోనీలే, వెళ్ళగానే పనుంటుంది.

మార్చి 9, శనివారం

కావాల్సిన కాగితాల లిస్టు అక్మరాల్ గోడకి అంటించింది. పెళ్ళి సర్టిఫికెట్, నా మీద కేసుల్లేవని పోలీసుల కాగితం, ఛాతీ ఎక్స్‌రే, ఫొటోలు. అన్నీ మంగోలియన్లోకి మార్చాలి, ప్రతిదానికీ స్టాంపు వేయించాలి, ఆ స్టాంపు నిజమైనదేనని ఇంకో స్టాంపు వేయించాలి. మరి ఆ రెండో స్టాంపు నిజమైనదేనని ఎవరు చెప్తారు అన్నాను. నోరు మూసుకుని చాయ్ తాగు అంది. ఇన్నేళ్ళయినా వాళ్ళ ఊరి పద్ధతిలో చాయ్‌లో ఉప్పెయ్యడం మానలేదు.

ఫారం నేను నింపాను, అక్మరాల్ పక్కన మంగోలియన్లో రాసింది. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు: సాకెన్, ఇంజూ. పిల్లలు: లేరు. అక్కడికొచ్చాక కలం ఆపింది. లేచి వెళ్ళి, కడిగిన కప్పునే మళ్ళీ కడిగింది. వచ్చి కూర్చుని, లేరు అని రాసింది.

రాసినదాంట్లో అబద్ధం లేదు. కాగితాల్లో ఇంజూ మా అమ్మకీ, ఇప్పుడు లేని నాన్నకీ కూతురు, నాకు చెల్లెలు. కన్నది అక్మరాల్. మా వైపు తొలిచూలు బిడ్డ నానమ్మ తాతలది. నలభయ్యో రోజు స్నానం కాగానే అమ్మ తరాజ్ నుంచి వచ్చి ఎత్తుకెళ్ళింది, తన పేరు మీదే రాయించింది. అదేం వింత కాదు, నేనూ అలా పెరిగినవాణ్ణే. నానమ్మని అమ్మా అనీ, కన్నతల్లిని వదినా అనీ పిలిచేవాణ్ణి, నానమ్మ పోయేదాకా. ఇంజూకి పదేళ్ళొచ్చాయి, అంతా తెలుసు. అయినా నన్ను అన్నయ్యా అంటుంది, అక్మరాల్‌ని వదినా అంటుంది. ఆ తర్వాత మాకు పిల్లలు కలగలేదు.

మార్చి 13, బుధవారం

నా ఊపిరితిత్తులు మంగోలియాకి పనికొస్తాయట. స్టాంపు వేసి ఇచ్చారు.

మార్చి 22, శుక్రవారం. తరాజ్

కొత్త సంవత్సరం పండగకి అమ్మ దగ్గరికొచ్చాం. గుమ్మం దాటకముందే ఇంజూ ప్రశ్నలు మొదలెట్టింది. అన్నయ్యా, అక్కడి గుర్రాలకి కజక్ అర్థమవుతుందా? వదినా, మీ ఊళ్ళో బళ్ళో పిల్లల్ని కొడతారా? మీ పిన్ని పీకిన పళ్ళు ఏం చేస్తుంది? అక్మరాల్ ఒక్కోదానికీ ఓపిగ్గా జవాబు చెప్పింది. పళ్ళ సంగతి విని అది ఎంతసేపు నవ్విందో!

అందరం పండగ గంజి తాగుతుంటే ఉన్నట్టుండి అడిగింది. మరి నన్నెందుకు తీసుకెళ్ళరు? తమ్ముడు సాకెన్, వాడి భార్య గిన్నెల్లోకి చూస్తూ కూర్చున్నారు. అమ్మ మాత్రం, గంజి చల్లారిపోతోంది తాగు అంది.

దాని ప్రశ్న తప్పు కాదు. నాకూ తెలుసుకోవాలనే ఉంది.

ఏప్రిల్ 5, శుక్రవారం

మంగోలియా కాన్సులేట్‌కి వెళ్ళాను. కిటికీ వెనకాల అమ్మాయి చిన్నదే, వేళ్ళనిండా ఉంగరాలు. భార్యతో భర్త వెళ్ళొచ్చు, పిల్లలు వెళ్ళొచ్చు, భర్త చెల్లెలు కుటుంబం కిందికి రాదు అంది. చెల్లెలి మీద అంత ఇదేమిటండీ అని కూడా అడిగింది. సంగతి చెప్పాను. ఓస్ అదా, మా అన్నయ్య కొడుకూ మా అమ్మ దగ్గరే పెరిగాడు, కాకపోతే కాగితాల్లో అన్నయ్య పేరే ఉంది, మీరెందుకలా రాయించారు అంది. అప్పుడు మధ్యలో సరిహద్దు వస్తుందని అనుకోలేదమ్మా అన్నాను.

దారొకటి చెప్పింది. దత్తత తీసుకోవాలట.

మెట్లు దిగుతూ ఒక్కణ్ణే నవ్వుకున్నాను. నా కూతుర్ని నేను దత్తత తీసుకోవాలి, అదీ మా అమ్మ నుంచి. కిందికొచ్చేసరికి నవ్వు పోయింది.

ఇంటికొచ్చి అక్మరాల్‌కి చెప్పాను.  నాకు కావాలి బెర్దీ అంది. పదేళ్ళుగా కావాలి. కానీ నేనడగను, ఇచ్చిన బిడ్డని తిరిగి అడిగిన కోడలు అనిపించుకోను అంది. పదేళ్ళలో ఈ మాట దాని నోట వినడం ఇదే మొదలు.  నాకు కలిగింది భయమో సంతోషమో తెలియలేదు.

ఏప్రిల్ 13, శనివారం. తరాజ్

అడిగాను.

అమ్మ బడి ఎదురుగా సంసాలు అమ్ముతుంది, పొయ్యిలో కాల్చే మాంసం సమోసాలు. పొయ్యి దగ్గర నిలబడి, ఎలా మొదలుపెట్టాలో తెలియక, కాన్సులేట్ అమ్మాయి ఉంగరాల దగ్గర్నుంచీ చెప్పుకొచ్చాను. అమ్మ పిండి వత్తుతూనే ఉంది. అంతా అయ్యాక, సిగ్గులేదురా నీకు అంది. జ్వరమొచ్చిన రాత్రులు ఎవరు కూర్చున్నారు? తట్టు పోసినప్పుడు ఎవరున్నారు? హాయిగా నిద్రపోయి, అది జడేసుకునే వయసొచ్చాక వచ్చి అడుగుతున్నావా అంది. వీధంతా వినపడేలా అంది. సంసాల కోసం వచ్చిన పిల్లలు వెనక్కి తగ్గారు.

తర్వాత గొంతు తగ్గించింది. నిన్ను మా అత్తగారు ఎత్తుకెళ్ళినప్పుడు నాకు పాలింకా ఆరలేదు అంది. అడగకూడదని మా అమ్మ చెప్పింది, మా అక్క చెప్పింది, నోరు మూసుకున్నాను. నీకెవరూ చెప్పలేదా?

ఈ మాట ఇన్నేళ్ళలో ఎప్పుడూ అనలేదు. నేనూ ఎప్పుడూ అడగలేదు. ఇంకా అడగాల్సినవి చాలా ఉన్నాయి గానీ పొయ్యిలో సంసాలు మాడుతున్నాయి.

ఏప్రిల్ 14, ఆదివారం

అమ్మ నావైపు తిరగలేదు. బస్సెక్కేటప్పుడు సంచీ నిండా సంసాలు మాత్రం పెట్టింది.

మే 3, శుక్రవారం

నా వీసా వచ్చింది. ఏడాదికి, తర్వాత అక్కడే పొడిగించుకోవచ్చు. ఫొటోలో దొంగలా ఉన్నాను. తోలెగెన్ చూసి, వెళ్ళరా కుక్కపిల్లా, వెళ్ళి మొరుగు అన్నాడు. అంటూనే కావిలించుకున్నాడు.

అక్మరాల్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, బాగుంది అని బీరువాలో పెట్టింది. ఇల్లు ఖాళీ చేసే సంగతి ఎత్తితే తర్వాత చూద్దాంలే అంటోంది. ఈ ప్రయాణం దానిది, ఈ పదేళ్ళు దానివి. అయినా నిన్న పిన్నితో ఫోన్లో, ఇంకెవరైనా దొరికితే కుర్చీ ఇచ్చెయ్యి అంటుంటే విన్నాను.

మే 11, శనివారం

పొద్దున్నే అమ్మ ఫోన్ చేసింది. ఎలా ఉన్నావనలేదు, తిన్నావా అనలేదు.

నేను అడగాల్సిందిరా అంది. దేని గురించమ్మా అన్నాను. నీ గురించే, ఇంకెవరి గురించి? అడిగుంటే ఇచ్చేదేమో ముసలిది, నేను అడగలేదు, ఊరంతా నన్ను బుద్ధిమంతురాలంది, నాకేమొచ్చింది అంది. ఏడుస్తోందేమో తెలియదు, వెనకాల గిన్నెల చప్పుడు. ఆ కాగితం పట్రా, సంతకం పెడతాను అంది. అయితే ఒకటి, దాన్ని వెళ్ళమని నేను చెప్పను, వద్దనీ చెప్పను, నువ్వే అడుక్కో.

అక్మరాల్‌కి ఫోన్ ఇస్తే, అత్తయ్యా అని ఒక్క మాట అని ఆగిపోయింది.  అయినా చాలాసేపు ఇద్దరూ ఫోన్ పెట్టెయ్యలేదు.

మే 27, సోమవారం. తరాజ్

పదేళ్ళు నిండిన పిల్లల్ని అడక్కుండా దత్తత ఇవ్వరట. పిల్లల సంరక్షణ ఆఫీసులో ఒకావిడ ఇంజూని లోపలికి తీసుకెళ్ళి తలుపేసింది. బయట బెంచీ మీద అమ్మ, అక్మరాల్, నేను. అమ్మ కొత్త స్కార్ఫ్ కట్టుకుంది. అక్మరాల్ ఇంజూ కోటు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అది లోపల ఏం చెప్తోందో అని నాకు ఒకటే ఆత్రం. మంగోలియా గురించి అడుగుతోందేమో, గుర్రాల గురించి అడుగుతోందేమో అనుకున్నాను.

ఆవిడ బయటికొచ్చింది. అవుననలేదండీ, కాదనీ అనలేదు, నన్నే ఎదురు ప్రశ్న అడిగింది అంది. దానికి జవాబు మీరే చెప్పుకోండి అంది.

అన్నయ్యా వదినా మంచివాళ్ళే, కానీ నన్ను ఒకసారి ఇచ్చేశారు కదా, అక్కడికి వెళ్ళాక మళ్ళీ ఎవరికిస్తారు? ఇదీ అది అడిగింది.

అక్మరాల్ ఆ కోటులో మొహం దాచుకుంది. అమ్మ లేచి నిలబడి, నాకేసి చూసి, చెప్పరా జవాబు అంది.  ఇంజూ గుమ్మంలో నిలబడి మమ్మల్ని ఒకరి తర్వాత ఒకర్ని చూస్తోంది. కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

మే 28, మంగళవారం

ఆల్మతీ వచ్చేశాం. ఇద్దరం పనికి వెళ్ళలేదు. ఆ రోజు ఎందుకిచ్చాం అని అక్మరాల్ అడిగింది. ఎవరూ మనల్ని అడగలేదు కదా అన్నాను. వద్దని మనమూ అనలేదు కదా అంది.

జూన్ 2, ఆదివారం. తరాజ్

ఎవరికీ ఇవ్వం, అని చెప్పాం. రాసివ్వండి అంది. రాశాను. ఇద్దరం సంతకం పెట్టాం, సాక్షిగా అమ్మ కూడా పెట్టింది. ఇంజూ నిలబడి చదివింది, మళ్ళీ మొదట్నించి చదివింది. ఎక్కడా కొట్టివేతలు లేవు కదా అని వెనక్కి తిప్పి చూసింది. మడిచి జేబులో పెట్టుకుంది.

ఆలోచించి చెప్తాను అన్నయ్యా, అంది.