థర్మామీటరు ఉండాల్సిన చోటు

మామయ్యకు,

నమస్కారం. క్షేమ సమాచారాలు అడిగే ఓపిక ఈ పూట నాకు లేదు.

రియాక్టరుకి గ్యాస్ ఎవరు ఆపారని పొద్దుట్నుంచీ అందరి మీదా విరుచుకుపడుతున్నారట. ఆపింది నేనే. పాపం, రియాక్టరు దగ్గర డ్యూటీలో ఉన్న ఆ ఆపరేటర్ని వదిలేయండి.

గ్యాస్ గొట్టాల్లోకి దిగి మిథనాల్‌గా మారేటప్పుడు పైభాగమే బాగా కాగుతుందని, అక్కడి వేడిని లాగేయడానికి చుట్టూ నీళ్లు ఇంకా జోరుగా తిరగాలని, దాన్ని నేను డిజైన్ చేసిన నాటి నుంచీ నెత్తీ నోరూ కొట్టుకుంటున్నాను. మేనేజరుగా మీరు చేసిందేమిటి? పెద్ద పంపు పెట్టించలేదు. పైనున్న థర్మామీటరు పీకించి, చల్లగా ఉండే అడుగున పెట్టించారు! అలారం మోగడం మానేసిందని అందరికీ కాఫీలు కూడా ఇప్పించారట. పైన మాత్రం గొట్టాల్లో నింపిన ఉత్ప్రేరకం మాడిపోతూనే ఉంది. రేపు గొట్టం పగిలితే ఆ మంట ముందు ఉండేది మీరూ కాదు, నేనూ కాదు. ఆ ఆపరేటరు.

నిన్న ఫోన్లో ఇదేమిటని అడిగితే, "ఇంటి పిల్లవై ఉండి నా పరువు తీస్తావుటే?" అన్నారు. థర్మామీటరు మళ్లీ పైకి ఎక్కేదాకా గ్యాస్ వదిలేది లేదు. వాల్వు తాళం నా దగ్గరే ఉంది.

ఇంటి పిల్లని కాబట్టే ఒక్క మాట అడుగుతాను. చిన్నప్పుడు నాకు జ్వరమొస్తే థర్మామీటరు పెట్టింది మీరే. పాదరసం పైకి ఎక్కుతుంటే నన్ను భుజానేసుకుని డాక్టరు దగ్గరికి పరిగెత్తారే గాని, దాన్ని తీసి అత్తయ్య చంకలో పెట్టలేదు కదా!

మీ మేనకోడలు