ఎనిమిది సీసాల పాలు

బమ్రోలి, మార్చి 1996, ఆదివారం

ఎనిమిది బర్రెల పాలలోనూ ఒకటే రకం బాక్టీరియా, అన్నీ అవే యాంటీబయాటిక్స్‌కు చావనివి. కాలేజీలో మేడం ఎంత సంబరపడ్డారో! ప్రాజెక్టులో అదే రాసి ఇచ్చేశాను. ఇవాళ ఆ బర్రెలుండే తబేలాకు వెళ్తే గుజరాతీ యజమాని నవ్వాడు. "వాటిలో ఆరు వట్టిపోయి రెండు నెలలైంది, బెన్!"

పోయిన నెల ఆ పాలు తెచ్చింది మా బాపు. మగ్గాల డ్యూటీకి పోయేముందు రోజూ తనే వెళ్ళాడు. ఇంటికొచ్చి అడిగాను.

"ఒక్క బర్రెవే అన్నిట్ల నింపిన బిడ్డా. పాలు పాలే గదా? నీ పని ఆగొద్దని..."

బయటివాళ్ళు మోసం చేస్తే తిట్టేదాన్ని. రేపు మేడంకు ఎవరి పేరు చెప్పను?

సీసాల మీద ఒకటి నుంచి ఎనిమిది దాకా అంకెలు మాత్రం, నేను నేర్పినట్టే, గుండ్రంగా రాశాడు.