అరుగు మీది ఇంగ్లీషు

రాజోలు,
14-7-1952, సోమవారం.

చిరంజీవి సూరిబాబుకు అక్కయ్య జయమ్మ అనేక దీవెనలతో వ్రాయునది. ఇక్కడ అమ్మా నేనూ క్షేమం. కాకినాడలో నువ్వూ, మరదలు లీలావతీ, పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. గోదావరికి ఎర్రనీరు తగిలింది. మన ఆకుమడి పచ్చగా మొలిచింది. పెరట్లో రెండు కొబ్బరిచెట్లు ఈ ఏడు బాగా కాశాయి. మంచి కబుర్లు ఇంతటితో సరి. ఇక నీతో దెబ్బలాట మొదలుపెడతాను.

కవరు మీద చేతిరాత చూసి ఇదెవరి ఉత్తరమా అనుకుని ఉంటావు. ఆ రాత ఎవరిదో చివర్న చెబుతాను. ముందే చివరి కాగితం తిరగెయ్యకు, నీకు చిన్నప్పట్నుంచీ ఆ దురలవాటు ఉంది.

నీ ఉత్తరం శుక్రవారం అందింది. అరుగు మీద ఇంగ్లీషు పాఠాలు వెంటనే ఆపెయ్యాలన్నావు. మీ మామగారు జగ్గారావుగారితో నేను అన్న మాట వేళాకోళానికి అన్నదని ఆయనకు ఉత్తరం రాయాలన్నావు. లేకపోతే వచ్చే ఆదివారం కోటిపల్లి రేవు దాటి వచ్చి అమ్మని కాకినాడ తీసుకుపోతానన్నావు. ఈ పరువుతక్కువ పని తెలిస్తే అమ్మ ఊళ్లో తలెత్తుకోలేదని కూడా రాశావు. అన్నిటికీ నా జవాబు ఒకటే. కుదరదు.

ఆ రోజు జరిగింది నీకు మీ మామగారి నోట తెలిసింది. నా నోట కూడా విను. ఆయన రిజిస్ట్రారు కచేరీలో పని చూసుకుని, మర్యాదకు మనింటికి వచ్చారు. సాయంత్రం ఐదున్నర. పాఠం మంచి జోరులో ఉంది. కొబ్బరికాయల షావుకారు దగ్గర గుమాస్తా ముత్యాలరాజు ఒంటికాలి మీద నిలబడి, చెప్పు తొడుగుతూ ‘పుట్ ఆన్’ అంటున్నాడు. ఆసుపత్రిలో ఆయాగా చేసే రాజ్యం వానా గీనా లేకుండా గొడుగు విప్పి ‘పుట్ అప్’ అంటోంది. మందుల షాపు బుల్లిరాజు పట్టపగలు లాంతరు వెలిగించి, ఊదేసి, ‘పుట్ అవుట్’ అంటున్నాడు. అమ్మ ఎప్పటిలాగే గుమ్మంలో కూర్చుని చీపుళ్లకి కొబ్బరాకు ఈనెలు తీస్తోంది. మీ మామగారికి ఇది బడో, వెర్రివాళ్ల ఆసుపత్రో తెలియక కాసేపు వీధిలోనే నిలబడిపోయారు.

అమ్మ కాఫీ ఇచ్చి లోపలికి వెళ్లాక, తాగుతూ ఆయన చాలా మర్యాదగానే అడిగారు, ‘కాన్వెంటులో చెప్పేవారని మా అల్లుడుగారు చెప్పేరండీ. ఏ కాన్వెంటమ్మా అదీ?’ అని. పదేళ్లుగా నీ కోసం మోసిన అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది. కానీ ఎదురుగా రాజ్యం నిలబడి ఉంది. మొదటి రోజు అది నన్ను అడిగిన మాట, ‘ఆయా పని చేసుకునేదానికి ఇంగ్లీషెక్కడొస్తాదండీ?’ అని. దాని కళ్లముందు కాన్వెంటు పేరు చెప్పడానికి నాకు మనసొప్పలేదు. ‘కాన్వెంటు కాదండీ, రంగూన్లో ఒక దొరగారింట్లో తొమ్మిదేళ్లు ఆయాగా ఉన్నాను’ అని చెప్పేశాను. ఆయన కాఫీ గ్లాసు సగంలో దించేశారు. రాజ్యం మాత్రం గొడుగు మూయడం మరిచిపోయి నావైపే చూస్తూ ఉండిపోయింది. తమ్ముడూ, ఆ చూపు ముందు మీ మామగారి కాఫీ ఎంతరా!

నాది దొరల నౌకర్లు మాట్లాడే బట్లరు ఇంగ్లీషనీ, వ్యాకరణం లేనిదనీ రాశావు. నిజమే, నాకు నీ వ్యాకరణం రాదు. నేను నేర్చుకున్న తీరు నువ్వు ఎన్నడూ అడగలేదు గనక ఇప్పుడు చెబుతాను. మీ బావ రంగూన్ బియ్యం మిల్లులో జ్వరంతో పోయాక ఆ ఇంట్లో చేరాను. మొదటి రోజు దొరసాని బిడ్డను నా ముందు కూర్చోబెట్టి ‘లుక్ ఆఫ్టర్ బేబీ’ అని బయటికి వెళ్లింది. వంటవాణ్ణి అడిగాను. వాడు మనవాడే, జొన్నాడ మనిషి. ‘లుక్ అంటే చూడు, ఆఫ్టర్ అంటే తరవాత. తరవాత చూడమంటన్నారు, ఆయ్’ అని చెప్పాడు. సరే తరవాత చూద్దామని నేను గిన్నెల దగ్గరికి పోయాను. బిడ్డ పాక్కుంటూ పోయి మెట్ల మీంచి పడింది. నుదురు చిట్లింది. దాని నెత్తురు నా కొంగుతో అద్దుతూ ఏడ్చిన ఏడుపు నాకిప్పటికీ గుర్తే.

లుక్ ఆఫ్టర్ అంటే కనిపెట్టుకుని ఉండమని ఆ రోజు తెలిసింది. ఆ రెండు మాటలూ మొగుడూ పెళ్లాల్లాంటివి. విడివిడిగా పిలిచి అడిగితే ఇంటి సంగతి తెలియదు, కలిసి చేసే కాపురం చూడాలి. మన మాటా అంతే కదా? తలుపు వేస్తాం, ముగ్గు వేస్తాం, చొక్కా వేస్తాం, లెక్క వేస్తాం. చలి వేస్తుంది, జాలి వేస్తుంది. వేయడం ఒకటే, పక్కన చేరినదాన్ని బట్టి పని మారిపోతుంది. ఇది నీకు ఏ మేష్టారూ నేర్పలేదు, అమ్మ ఇంట్లో తిరుగుతూ పని చేస్తుంటే వచ్చింది. వాళ్ల పుట్టూ, గెట్టూ, టేకూ, లుక్కూ అలాంటివే. తోకనున్న బుల్లిమాట మారితే పని మారుతుంది. అందుకే నా అరుగు మీద ముందు చెయ్యి పని చెయ్యాలి, తరవాతే నోరు లేవాలి, ఆ తరవాతే పుస్తకం.

నీలాంటి మేష్టర్ల దగ్గర చదివి ఎస్సెల్సీ ప్యాసైనవాడే ముత్యాలరాజు. వాయిదా వేయడానికి ‘పోస్ట్‌పోన్’ అనాలని వాడికి తెలుసు. కలకత్తా వర్తకుడొచ్చి సరుకు సోమవారానికి ‘పుట్ ఆఫ్’ చెయ్యమంటే, ఆయ్ అని తలూపి, అప్పటికప్పుడు పడవ నిండా కాయలు ఎత్తించేశాడు. చదువు లేక కాదు, ఇంట్లో మాట్లాడుకునే మాట ఎవరూ చెప్పక. అదే నేను చెబుతున్నాను.

ఇంకో సంగతి. ఇది ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. నలభై రెండులో రంగూన్ మీద బాంబులు పడ్డాక దొరలు ఓడలెక్కారు, మేం నడిచాం. కొండలు, బురద, దారి పొడుగునా పడిపోయిన మనుషులు. ఒకచోట ఇక నావల్ల కాదని కూర్చుండిపోయాను. పక్కన ఒక అరవ ముసలామె ఉంది. ఆవిడ భాష నాకు రాదు, నా భాష ఆవిడకి రాదు. ఆవిడా ఎవరింట్లోనో ఆయాగా చేసిందే. నా భుజం పట్టి లాగుతూ ‘గెట్ అప్, గో ఆన్’ అంది. లేచాను. మూడోనాడు కొండ దిగుతుంటే ఆవిడే పడిపోయింది. నేనెన్నిసార్లు ‘గెట్ అప్’ అన్నా లేవలేదు. నువ్వు వెక్కిరించిన బట్లరు ఇంగ్లీషే నన్ను ఇల్లు చేర్చింది సూరిబాబూ.

ఇల్లు చేరాక, నీ పెళ్లి మాటలు నడుస్తున్న రోజుల్లో, అక్క కాన్వెంటులో చెప్పేదని నువ్వే ఊళ్లో చెప్పావు. అమ్మక్కూడా అదే చెప్పావు. నీ పెళ్లి చెడకూడదని ఊరుకున్నాను. ‘పుట్ అప్ విత్’ అని ఒకటుంది, సహించడం. మిగతావన్నీ చేతులతో చేసి చూపిస్తాను గానీ, ఇదొక్కటీ ఎలా చూపించాలో తెలియలేదు. రాజ్యం అడిగితే, పదేళ్లుగా నా మొహం చూశావుగా, అదే అని చెప్పాను. ఆ పాఠం అయిపోయింది. మళ్లీ చెప్పను.

ఆయా అంటే నీకంత చిన్నతనమేమిటి? నేను ఆయా ఉద్యోగంలో చేరింది రంగూన్లో కాదు. ఎనిమిదేళ్ల వయసులో, ఈ ఇంట్లోనే, నిన్ను చంకనేసుకుని చేరాను. అప్పుడు నీకు పరువు తక్కువనిపించలేదు. దిగమంటే దిగేవాడివి కాదు.

కాబట్టి మీ మామగారికి నేను ఉత్తరం రాయను. నిజం చెప్పినందుకు మన్నించమని అడగడం నాకు చేతకాదు. పాఠాలు ఆగవు. నిన్న బోర్డు కూడా రాయించాను. ‘జయమ్మ, రంగూన్‌లో ఆయాగా పనిచేసినది, ఇంగ్లీషు మాట్లాడడం నేర్పును’ అని. ఆయా అన్న మాట కాస్త పెద్ద అక్షరాలతో వెయ్యమన్నాను. రేవు నుంచి వచ్చేటప్పుడు దూరం నుంచే కనిపిస్తుంది, దారి తప్పవు. అమ్మని తీసుకుపోయే సంగతి అమ్మతోనే మాట్లాడుకో.

లీలావతికి నా ఆశీస్సులు. పిల్లలకు ముద్దులు.

ఇట్లు,
ఏ కాన్వెంటులోనూ పనిచెయ్యని నీ అక్కయ్య,
జయమ్మ.

తా.క. కవరు మీద రాత అమ్మది. తెలుగులో ‘అ’ రాయడం తెలియని మనిషి, గుమ్మంలో ఈనెలు తీస్తూనే ఆర్నెల్లుగా నా పాఠాలన్నీ పట్టేసింది. నా అరుగు మీద మొదటి విద్యార్థి ఆవిడే, మిగతావాళ్లు తరవాత చేరారు. ముత్యాలరాజు పలక మీద ఇంగ్లీషులో అడ్రసు రాసిస్తే, ముగ్గు వేసినట్టు చూసి చూసి వేసింది. నాలుగు కవర్లు పాడయ్యాయి. నీ పేరు పక్కన బి.ఏ. కూడా తనే, మరిచిపోకుండా వేసింది.

నీ ఉత్తరం అంతా చదివి వినిపించాను. ఆయా సంగతి ఆవిడకి తెలియదని పదేళ్లుగా నువ్వూ నేనూ అనుకుంటున్నాం. అమ్మ నవ్వింది. ‘నువ్వొచ్చిన నెలంతా జొరంలో పడి, ఆ దొరల పిల్ల పేరు పెట్టి జోకొడతానే ఉన్నావే. నాకు తెలీదనుకున్నారా మీరిద్దరూ?’ అంది. తరవాత బిడ్డని పెంచడాన్ని ఇంగ్లీషులో ఏమంటారని అడిగింది. ‘బ్రింగ్ అప్’ అన్నాను. రెండుసార్లు అనుకుని, నీకు ఇలా రాయమంది: ‘ఆదివారం రమ్మను. కమ్ ఇన్ అంటాను, సిట్ డౌన్ అంటాను, బొమ్మిడాయిల పులుసు వండి పెడతాను. టేక్ అవే మాత్రం కంచాలకేగానీ కన్నతల్లికి కాదని చెప్పు. బిడ్డని పెంచడం సిగ్గయితే, వాణ్ణి పెంచినందుకు ముందు సిగ్గుపడాల్సింది నేనే కదా, అడుగు.’