కంటిన్యుటీ మొటిమలు

గురువారం, కృష్ణానగర్ రూమ్‌ల

నవ్వి నవ్వి చెంపలు గుంజుతున్నయి.

రెండు నెలల కింద మెడికల్ షాపు అక్క నా ముఖం చూసి తిట్టింది. "గన్ని క్రీములెందుకే? బంద్ చెయ్యి. రాత్రి ముఖం కడిగి గీ జెల్ పల్చగ రాయి, పొద్దున సన్‌స్క్రీన్ మరువకు. జర ఓపిక పట్టు, గంతే." ఒక్క బెంజాయిల్ పెరాక్సైడ్ ట్యూబు చేతుల పెట్టింది. జెల్ అంటి దిండు గలీబు రంగు పోయింది గని, గడ్డం మీది నాలుగు మొటిమలూ పోయినయి.

గా మొటిమలున్నప్పుడు తీస్త తీస్త సగంల ఆగిన పెళ్లి సీన్ ఇయ్యాల ఫిల్మ్‌నగర్‌ల మళ్ల మొదలైంది. హీరోయిన్ వెనక పళ్లెం పట్టుకొని నిలబడేది నేనే. మురుసుకుంట పోయిన. అసిస్టెంట్ డైరెక్టర్ ఫోన్ల పాత ఫొటో చూసి, నన్ను చూసి నెత్తి పట్టుకున్నడు. "మొటిమలేవమ్మా? పాత షాట్‌కి కలవదు, కంటిన్యుటీ పోయిందిగా!"

మేకప్ అన్న ఫొటో చూసుకుంట, ఎర్ర పెన్సిల్‌తోని నాలుగు మొటిమలు దిద్దిండు. "ఇన్నేండ్లు దాచుడే గని, పెట్టుడు ఇదే ఫస్టు చెల్లె" అన్నడు. సెట్టంత ఒకటే నవ్వు.

రేపు పొద్దున ఆడిషన్. ఒక్క డైలాగే. గని క్లోజప్ అట! ఆరేండ్లల్ల నా ముఖం దగ్గర్నుంచి ఎవ్వరు తియ్యలే. మంచిగ వస్తనో లేదో...

ఇందాక వచ్చి ముఖం కడుక్కున్న. మూడు మొటిమలు నీళ్లల్ల పోయినయి. నాలుగోది పోతలేదు. గట్టిగ రుద్దితే నొచ్చింది.

పెన్సిల్ మొటిమకు నొప్పెట్లొస్తది?